కాకినాడలో బంతి పెద్ద

యాలాల్ బీరయ్యకు ఈ లోకంలో ఉన్నవి మూడు. నూట నలభై గొర్రెలు, ఒక నల్ల గొంగడి, బంతి పెద్దరికం. మొదటి రెండూ ఊళ్ళో చాలామందికి ఉన్నాయి. మూడోది మాత్రం తాండూరు చుట్టుపక్కల పన్నెండు ఊళ్ళ గొర్లకాపరుల్లో ఆయనొక్కడికే ఉంది. గొర్రె తప్పిపోతే రేపు వెతుక్కుందాంలే అనుకునే బీరయ్య, పెద్దరికం మీద ఎవరైనా ఒక్క మాట విసిరితే మాత్రం మూడు రోజులు తిండి సహించక తిరిగేవాడు.

బంతి పెద్ద పని తేలికైనదని ఎవరూ అనుకోకూడదు. పెళ్ళి కానీ, గొర్లకాపరుల దేవుడు బీరప్ప పండుగ కానీ, జనమంతా వరసగా బంతి భోజనాలకు కూర్చున్నాక మొదటి ముద్ద ఆయన నోట్లో పడాలి. అప్పుడే మిగతా చేతులు కదలాలి. ఆ తర్వాత తిన్నవాళ్ళు తిన్నట్టు లేచిపోవచ్చు. ఆయన మాత్రం బంతిలో ఆఖరి మనిషి లేచేదాకా లేవకూడదు. ముందే లేచాడంటే, తింటున్నవాణ్ణి ఇక చాలు లెమ్మన్నట్టే. వాళ్ళలో అంతకు మించిన అవమానం లేదు. పైగా వట్టి ఆకు ముందు చెయ్యి ఆరబెట్టుకుని ఎదుటివాళ్ళ ముద్దలు చూస్తూ కూర్చోకూడదు. ఏదో ఒకటి కలుపుతూ, తింటూనే ఉండాలి. ఆకులో పడ్డది ఎవరూ మిగల్చకూడదు. ఈ నియమాలు పెట్టిన తాతలెవరో గాని, వాళ్ళ కడుపులు మన కడుపుల్లాంటివి కావు.

ఆ పెద్దరికం బీరయ్యకు పంతొమ్మిది వందల నలభై ఎనిమిదిలో వచ్చింది. కోట్‌పల్లిలో ఒక పెళ్ళి జరుగుతోంది. బంతి సగంలో ఉండగా రజాకార్లు వస్తున్నారని కేక వినపడింది. పెళ్ళికొడుకుతో సహా అందరూ ఇస్తరాకులు వదిలేసి జొన్నచేలో పడ్డారు. పందిట్లో ఇద్దరే మిగిలారు. ఒకరు కళ్ళు కనపడని ముసలి జంగప్ప. ఎవరు లేచారో ఎవరున్నారో తెలియక ఆయన నింపాదిగా పాయసం జుర్రుకుంటున్నాడు. రెండోవాడు బీరయ్య. గుర్రాల మీద వచ్చినవాళ్ళు, ఇంత ధీమాగా తింటున్నారంటే వెనక ఎంతమంది పొంచి ఉన్నారో అనుకుని, కుండలో నీళ్ళు తాగి వెళ్ళిపోయారు. చేలోంచి తలలెత్తిన జనానికి కనపడింది ఒక్కటే. ముసలాయన తినడం పూర్తయ్యేదాకా ప్రాణాలకు తెగించి పక్కన కూర్చున్న బీరయ్య. ఆ సాయంత్రమే ఆయన్ను బంతి పెద్దను చేశారు.

అసలు సంగతి బీరయ్యకూ ఆయన ఎడమ కాలికీ మాత్రమే తెలుసు. మఠం వేసుకుని కాసేపు కూర్చుంటే ఆ కాలు తిమ్మిరెక్కి మొద్దుబారిపోతుంది. ఆ రోజు అందరికంటే ముందు పరిగెత్తబోయింది ఆయనే. కాలు కదల్లేదు, అంతే. ఈ మాట ఆయన భార్య బీరమ్మకు కూడా చెప్పలేదు.

పదకొండేళ్ళు గడిచాయి. గొర్లకాపరులంతా కలిసి సహకార సంఘం పెట్టుకోవాలని, దానికో అధ్యక్షుణ్ణి ఎన్నుకోవాలని పైనుంచి కాగితం వచ్చింది. బంతి పెద్ద ఉండగా ఇంకొకరెందుకన్నారు అందరూ, ఒక్క అంజిలయ్య తప్ప. అంజిలయ్య బీరయ్యకు మేనల్లుడు. ముప్పై ఏళ్ళవాడు. కొన్నాళ్ళు తాండూరు బండల గనుల్లో పనిచేసి చేతికి గడియారం కట్టుకుని వచ్చాడు. గడియారం కట్టుకున్నవాడికి ఎవరు ఎంతసేపు కూర్చున్నారన్నది కనపడుతుంది కదా.

"తిని ఆలస్యంగ లేసుడు గూడ ఒక అర్హతనా మామా?" అన్నాడు పదిమందిలో.

బీరయ్యకు ఒళ్ళు మండింది. "ఎన్నడన్న బంతిల మనిషి ఉండంగ నేను లేస్తె చెప్పు. గా దినమే నా గొంగడి తీసి నీ భుజాన ఏస్త. పెద్దరికం నీదే, సంఘం నీదే" అన్నాడు.

పదిమందీ విన్నారు. అంజిలయ్య గడియారానికి తాళం తిప్పుకున్నాడు.

ఇంతలో విస్తరణాధికారి మహేందర్ గారు దిగారు. సంఘం పెట్టే ముందు సభ్యులకు గొర్రెల పెంపకంలో కొత్త పద్ధతులు చూపించాలని, పదకొండుమందిని కాకినాడకు అధ్యయన యాత్ర తీసుకుపోతానని అన్నారు. కాకినాడలో గొర్రెలెక్కడివని ఎవరూ అడగలేదు. సర్కారు ఖర్చుతో రైలెక్కించేవాణ్ణి ప్రశ్నలు అడిగేంత తెలివితక్కువవాళ్ళు తాండూరు తాలూకాలో లేరు. మహేందర్ గారి అత్తవారిల్లు కాకినాడలోనే ఉందన్న సంగతి రైలు సామర్లకోట దాటాక గాని బయటపడలేదు.

రైలు మారే వికారాబాదు స్టేషన్లో ఆయన అందరినీ నిలబెట్టి చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చారు. "మీరు సముద్రం చూస్తరు. సముద్రం చూస్తె మనిషి మనసు పెద్దగైతది. మనసు పెద్దగైతె మంద పెద్దగైతది" అన్నారు. పదకొండుమందీ తలలూపారు.

బయలుదేరే ముందు బీరమ్మ ఒక ఖాళీ సీసా తెచ్చి భర్త చేతిలో పెట్టింది. మందకు ఉప్పు పెట్టే పని ఆమెది. ముప్పై ఏళ్ళుగా గొర్రెల నోటికి ఉప్పు అందిస్తూ, ఇదంతా ఎక్కడినుంచి వస్తుందా అని ఆలోచించిన మనిషి.

"సముద్రం నీళ్ళు ఉప్పగుంటయట. నిజమో అబద్ధమో నాలికె మీద ఏస్కొని చూస్త. గీ సీసల పట్టుకరా" అంది.

"సీసెడేంది, సముద్రమే తెస్త" అన్నాడు బీరయ్య.

కాకినాడలో దిగేసరికి పొద్దెక్కింది. మహేందర్ గారు వాళ్ళను ఓడరేవు పోయే దారిలో ఒక భోజన హోటలు ముందు దింపారు. "ఇక్కడ తిని పండుకోండ్రి. నాలుగింటికి సముద్రం, ఆరింటికి రైలు" అని చెప్పి, తాను రిక్షా ఎక్కి అత్తగారింటి రొయ్యల కూరకు వెళ్ళిపోయారు. గొర్రెల ఊసు మళ్ళీ రాలేదు.

హోటలు సుమిత్రమ్మది. యాభై దాటిన మనిషి. భర్త పోయాక పన్నెండేళ్ళుగా ఒంటిచేత్తో నడుపుతోంది. ఊళ్ళో బల్లలూ కుర్చీలూ వేసిన హోటళ్ళు చాలా వచ్చాయి గాని, కాళ్ళు వేలాడేసుకుని తినేది భోజనమే కాదని ఆమె నమ్మకం. అందుకని పొడుగాటి హాల్లో గోడ వెంట పాతిక పీటలు ఒకే వరసలో వేయించింది. ఆ వరసను చూడగానే బీరయ్య ప్రాణం లేచొచ్చింది. ఊరుగాని ఊళ్ళో కూడా తన పెద్దరికానికి చోటుంది. గొంగడి సర్దుకుని మొదటి పీట మీద కూర్చున్నాడు. మిగతా పదిమందీ వరసగా కూర్చున్నారు.

అరిటాకుల్లో తెల్లటి వరి అన్నం పడింది. మీద ముద్దపప్పు, దాని మీద నెయ్యి. పక్కన గోంగూర పచ్చడి, పనసపొట్టు కూర, అప్పడం. యాలాల్‌లో వరి అన్నం పెళ్ళిళ్ళకూ పండుగలకే. పదకొండుమందిలో ఒకే ఒక్క ఆడమనిషి హన్మమ్మ. మొగుడు పోయినా తొంభై గొర్రెల మంద సొంతంగా నడుపుకుంటున్న మనిషి. ఆమె అటూ ఇటూ చూసింది.

"పెండ్లి ఎవలదమ్మా?" అని అడిగింది.

"పెళ్ళేంటమ్మా, ఇవాళ మంగళవారం" అంది సుమిత్రమ్మ నేతి గిన్నెతో వస్తూ. "రోజూ ఇదేనండి. తినండి బాబూ, మొహమాటపడకండి."

వరసలో ఎవరో జొన్నరొట్టె ఉందా అని అడిగారు. వడ్డించే శివయ్య నడివయసు మనిషి, జాలిగుండెవాడు. "రొట్టా? జ్వరమేమైనా తగిలిందాండీ?" అని కంగారుపడ్డాడు. ఆ మాటతో రొట్టె సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

బీరయ్య మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. "గిది మా తాండూరు కందిపప్పే" అన్నాడు. పది చేతులు కదిలాయి. తాండూరు కందిపప్పు వాళ్ళకంటే ముందే సముద్రం చూడటానికి వచ్చి, ఇక్కడ నెయ్యి పోయించుకుంటోందని తెలిసి అందరికీ గర్వంగా అనిపించింది.

పన్నెండు కొట్టేసరికి యాలాల్ వాళ్ళంతా తిని లేచారు. బీరయ్య కూడా లేవబోయి, పెద్దరికం కొద్దీ వరస చివరిదాకా చూశాడు. చివరి నాలుగు పీటల మీద ఎవరో కొత్తవాళ్ళు తింటున్నారు. ఒక కోర్టు గుమాస్తా, ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు, ఒక పడవల కాంట్రాక్టరు. వాళ్ళు తనకేమీ కారు. కానీ కూర్చున్నది ఒకే వరసలో. బంతిలో కూర్చున్నవాణ్ణి నువ్వెవరివని అడిగే ఆచారం వాళ్ళలో లేదు. బీరయ్య మళ్ళీ సర్దుకుని కూర్చున్నాడు. వట్టి ఆకు ముందు కూర్చోకూడదు గనక కాస్త అన్నం వెయ్యమన్నాడు. శివయ్యకు 'కాస్త' అన్న కొలత తెలియదు.

గుమాస్తా లేచాడు. ఆ పీట మీద ఇంకెవరో కూర్చున్నారు. కుర్రాళ్ళు లేచారు. ముగ్గురు కూర్చున్నారు. బీరయ్యకు అప్పుడు తెలిసింది తాను ఎక్కడ పడ్డాడో. యాలాల్‌లో బంతికి ఒక మొదలు ఉంటుంది, చివర ఉంటుంది. ఈ బంతికి చివర లేదు. ఒకడు చెయ్యి కడుక్కుంటుంటే ఇంకొకడు కాళ్ళు కడుక్కుని వస్తున్నాడు. పప్పన్నం అయింది. పులుసన్నం అయింది. పెరుగన్నం అయింది. మళ్ళీ పప్పు దగ్గరికి వచ్చాడు.

వసారాలోంచి అంతా చూస్తున్న తనవాళ్ళు గుసగుసలాడుకున్నారు. లేవడానికి దారి లేదు. పదిమంది ముందు అన్న మాట పదిమందికీ గుర్తుంది.

సుమిత్రమ్మ మొదట మురిసిపోయింది. తన వంట ఇంతగా నచ్చిన మనిషిని పన్నెండేళ్ళలో చూడలేదు. వచ్చినవాళ్ళందరికీ చూపించింది. "తెలంగాణా నించొచ్చారండి. మూడోసారి పప్పు వేసుకుంటున్నారు, చూడండి!" అంది. జనం చూశారు. చూసినవాళ్ళు బయటికి వెళ్ళి చెప్పారు. విన్నవాళ్ళు వచ్చారు. వచ్చినవాళ్ళు ఊరికే నిలబడి చూస్తే మర్యాద కాదని పీటల మీద కూర్చున్నారు. బీరయ్య ఎంత తింటే వరస అంత పెరిగింది. తను ఎందుకు లేవడం లేదో చూడటానికి వచ్చినవాళ్ళే తనను లేవనివ్వడం లేదు. ఈ సంగతి ఎవరికైనా చెబుదామంటే నోట్లో ముద్ద ఉంది.

రెండున్నరకు తలుపులు మూశారు. లోపల ఒక్కరే మిగిలారు. పని మానేసిన బడిపంతులు ఒకాయన. డాక్టరు చెప్పాడని ముద్దకు ముప్పై రెండుసార్లు నములుతున్నాడు. బీరయ్య ఆయన దవడనే చూస్తూ కూర్చున్నాడు. జీవితంలో ఏ గొర్రె నెమరునూ అంత ఆశగా చూసి ఉండడు. మూడుకు పంతులుగారు లేచారు.

బీరయ్య మోకాలి మీద చెయ్యి వేసి లేవబోయాడు. సరిగ్గా అప్పుడే అంజిలయ్య వసారాలోంచి వచ్చాడు. ఇంకో భోజనం టిక్కెట్టు కొని, శివయ్యను బతిమాలి ఆకు వేయించుకుని, ఎదురుగా కనపడేలా చివరి పీట మీద కూర్చున్నాడు.

"మల్ల ఆకలైంది మామా" అన్నాడు. ఒక్క మెతుకు తీసి నోట్లో వేసుకున్నాడు.

బీరయ్య మళ్ళీ కూర్చున్నాడు.

వసారాలో మిగతావాళ్ళు లేచారు. అత్తగారింటి విందు వదిలి మహేందర్ గారు ఎలాగూ రారని తేలిపోయింది గనక శివయ్యే వాళ్ళను సముద్రానికి తీసుకుపోతానన్నాడు. హన్మమ్మ గుమ్మంలోంచి తొంగిచూసింది.

"బీరయ్యన్నా, సముద్రం కాడికి పోతున్నం. రారాదె!"

"బంతిల మనిషి ఉన్నడు" అన్నాడు బీరయ్య.

హన్మమ్మ అంజిలయ్యను చూసింది, బీరయ్యను చూసింది. "మీ ఇద్దరికి సముద్రం ఎందుకు? మీ బుద్ధికి గీ గిన్నెడు పులుసే జాస్తి" అనేసి వెళ్ళిపోయింది.

హాల్లో ఇద్దరే మిగిలారు. కిటికీలోంచి ఉప్పగాలి వస్తోంది. పక్కన గొంగడి మీద బీరమ్మ ఇచ్చిన సీసా ఉంది. అంజిలయ్య ఒక మెతుకు తింటాడు, గడియారం చూస్తాడు. ఇంకో మెతుకు తింటాడు. "నాకేం జల్ది లేదు మామా" అంటాడు. బీరయ్య పెరుగులో వేలు తిప్పుతూ ఉంటాడు. కడుపు ఎప్పుడో నిండి, నిండటం కూడా దాటిపోయింది. ఎడమ కాలు ఉందో లేదో తెలియడం లేదు. చచ్చిపోతానేమో అని నిజంగానే భయం వేసింది. తిని చచ్చిపోయాడన్నా ఫరవాలేదు, లేచి బతికాడని మాత్రం అనకూడదని దేవుడికి మొక్కుకున్నాడు.

మూడుంపావుకు సుమిత్రమ్మ వచ్చి నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. మురిపెం తీరి ఆమెకు బెంగ పట్టుకుంది. "ఏంటండీ బాబాయిగారూ మీ ఇద్దరి సంగతి? వంటలో ఏమైనా తేడా చేసిందా?" అంది.

బీరయ్య చెప్పాడు. బంతి సంగతి, పెద్దరికం సంగతి, పదిమందిలో అన్న మాట, అన్నీ చెప్పాడు. తిమ్మిరి సంగతి తప్ప. పన్నెండేళ్ళుగా రోజుకు ఎన్నో బంతులు లేపిన మనిషికి ఈ చిక్కు ఇట్టే అర్థమైంది.

"అయ్యో, ముందే చెప్పకూడదాండీ?" అంది. లోపలికి వెళ్ళి అన్నం గిన్నె పట్టుకొచ్చింది. నేరుగా అంజిలయ్య దగ్గరికి వెళ్ళింది. "ఏంటి బాబూ, మెతుకులు ఏరుకుంటున్నారు? మా హోటలు పరువు తీస్తారా ఏంటి?" అంటూ గిన్నె మొత్తం ఆకులో బోర్లించింది. దాని మీద పప్పు, దాని మీద సోలెడు నెయ్యి పోసింది. "ఆకులో పడ్డది మిగల్చరంటగా మీరు. కానివ్వండి" అంది.

అంజిలయ్య ఆ కుప్పను చూశాడు. వెనక్కి తగ్గే మనిషి కాదు. సగం దాకా తిన్నాడు కూడా. ఆ తర్వాత కళ్ళు తేలేసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పెరటి గుమ్మంలోంచి పరుగెత్తాడు. బయట ఏమైందో వినపడింది గాని చెప్పుకునేది కాదు.

బీరయ్య గెలిచాడు. గెలుపు ఇంత నెయ్యి వాసన వేస్తుందని అంతకుముందు తెలియదు. సీసా అందుకున్నాడు. సముద్రం ఎటువైపని అడగబోయాడు.

సుమిత్రమ్మ నిట్టూర్చి, రెండు పీటల అవతల తనకో ఆకు వేసుకుంది. "అమ్మయ్య! ఆఖరాకు లేస్తే గానీ నేను తిననండి. మా ఆయన ఉన్నప్పటినించీ అంతే. పొద్దున్న తాగిన కాఫీయే ఇంతవరకూ" అంటూ కూర్చుంది. అడుగున మిగిలిన అన్నం, కాస్త పచ్చడి వేసుకుని కలిపింది.

బీరయ్య చెయ్యి సీసా మీదే ఆగిపోయింది. వరసలో ఒక మనిషి తింటోంది. ఒక్క నిమిషం పాటు ఆయన కదల్లేదు. ఆ నిమిషంలో ఆయనకు నియమం మొత్తం గుర్తుంది. తర్వాత బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. బంతి అంటే కూర్చున్నవాళ్ళది. వడ్డించినవాళ్ళు బంతి లెక్కలోకి ఎట్లా వస్తారు? యాలాల్‌లో ఎన్నడన్నా వచ్చారా? ఆడవాళ్ళు అందరూ లేచాక పొయ్యి దగ్గర తింటారు, దాన్ని బంతి అని ఎవరంటారు? పైగా చూసేవాడు ఎవడూ లేడు. సముద్రానికి ఇంకా వేళ ఉంది. బీరయ్య గోడ పట్టుకుని లేచాడు.

నాలుగడుగులు వేశాడు. చేతులు కడుక్కునే తొట్టి దగ్గర ఎడమ కాలు మడతపడి నిలువునా కూలబడ్డాడు.

సుమిత్రమ్మ ఎంగిలి చెయ్యి అలాగే ఉంచుకుని పరుగెత్తుకొచ్చింది. లేవదీయబోతే లేవలేదు. ఆమె చెయ్యి కడుక్కుని, ఉప్పు వేడిచేసి, గుడ్డలో మూట కట్టి ఆయన కాలికి కాపడం పెట్టింది. హోటల్లో మరో మనిషి లేడు. తిమ్మిరి వదిలేసరికి గంట దాటింది. తలుపులోంచి ఆమె ఆకు కనపడుతూనే ఉంది. రెండు ముద్దలు తిన్న చోటు, కలిపి వదిలేసిన చోటు. అన్నం ఎండిపోయింది.

"తిను పోమ్మా, నీ అన్నం అట్లనే ఉన్నది" అన్నాడు బీరయ్య.

"పోన్లెండి, ఆకలి చచ్చిపోయింది. రాత్రికి తింటాను" అని ఆమె వెళ్ళి ఆకు తీసేసింది. ఉప్పు మూట మాత్రం ఆయన చేతిలో పెట్టింది. "దారిలో మళ్ళీ పట్టేస్తే కాపుకోండి" అంది.

అయిదు దాటాక మిగతావాళ్ళు వచ్చారు. పంచెలు మోకాళ్ళ దాకా తడిసి ఉన్నాయి. వాళ్ళతో అంజిలయ్య కూడా ఉన్నాడు. పెరట్లోంచి బయటపడి, గాలి వచ్చే వైపు నడిచి, అందరికంటే ఎక్కువసేపు సముద్రం ముందు నిలబడ్డాడట. ఓడిపోయిన మనిషి ముఖంలా లేదు అతని ముఖం. హన్మమ్మ చేతిలో మూత బిగించిన సీసా ఒకటి ఉంది. ఆమె మెట్టు మీద కూర్చున్న బీరయ్యను చూసింది, శివయ్య బయట పారేస్తున్న ఆకులో రెండు ముద్దలే తిని వదిలేసిన పచ్చడన్నాన్ని చూసింది. సుమిత్రమ్మ ముఖం చూసింది.

సామర్లకోటలో రైలు మారేటప్పుడు బీరయ్య కుళాయి దగ్గరికి వెళ్ళి తన సీసాలో నీళ్ళు పట్టాడు. ఉప్పు మూట విప్పి అందులో పోసి, ఎవరూ చూడకుండా బాగా కుదిపాడు.

మర్నాడు వికారాబాదు స్టేషన్లో, కాకినాడలో రైలు కదిలే వేళకు వచ్చి ఎక్కిన మహేందర్ గారు దండలతో సిద్ధంగా ఉన్న నలుగురిని పోగుచేసి అక్కడికక్కడే సభ పెట్టారు. అధ్యక్షుడెవరని అడిగారు. ఎవరూ పిలవకుండానే అంజిలయ్య ముందుకు వచ్చాడు. "మామనే. నేను లేసిన, మామ లేవలే" అన్నాడు. గడియారం చూసుకోలేదు. ఆ నిజాయితీకి బీరయ్య తల దించుకోవాల్సింది. దండ బరువుగా ఉండటం వల్ల తల దానంతటదే దిగింది.

"అధ్యక్షులవారు సముద్రం గురించి రెండు మాటలు చెప్తరు" అన్నారు మహేందర్ గారు.

బీరయ్య గొంతు సవరించుకున్నాడు. "సముద్రం మస్తు పెద్దగుంటది" అన్నాడు. ఆ తర్వాత తాను చూసిందే చెప్పాడు. "ఎంత తోడినా ఒడవది. ఒకటి పోతె ఇంకొకటి వస్తనే ఉంటది. జర ఆగుతదేమో అనుకుంటం, ఆగది. లేద్దామంటె లేవనియ్యది."

అందరూ చప్పట్లు కొట్టారు. మహేందర్ గారు ఆ మాటల్ని యాత్ర నివేదిక కోసం పుస్తకంలో రాసుకున్నారు. హన్మమ్మ తంబాకు ఉమ్మేసి రైలెక్కింది.

తాండూరులో దిగి, స్టేషన్లో తెలిసినవాళ్ళందరికీ దండ చూపించుకుని, యాలాల్ చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. అప్పటికే తక్కినవాళ్ళు ఇళ్ళకు చేరారు. బీరమ్మ కాళ్ళకు నీళ్ళిచ్చింది. తల్లెలో జొన్నరొట్టె, పప్పు పెట్టింది. రొట్టె కనపడగానే బీరయ్యకు కళ్ళనీళ్ళు తిరిగాయి. సీసా తీసి ఆమె చేతికిచ్చాడు.

"ఇగో, సముద్రం" అన్నాడు.

ఆమె మూత తీయలేదు. గూట్లో పెట్టింది. అక్కడ అలాంటి సీసా ఇంకోటి అప్పటికే ఉంది. దాని అడుగున కాస్త ఇసుక పేరుకుని ఉంది. ఆ ఇసుకను చూడగానే హన్మమ్మ సీసా ఇంటికొచ్చిందని బీరయ్యకు తెలిసిపోయింది. తన సీసాలో ఇసుక వెయ్యాలన్న సంగతి ఆయనకు సామర్లకోటలో తోచలేదు. తల వంచుకుని రొట్టె తిన్నాడు. తింటూ, మాట మార్చడానికి, తాను ఎట్లా గెలిచిందీ చెప్పాడు. చివర లేని బంతి, ముప్పై రెండుసార్లు నమిలిన పంతులు, అంజిలయ్య పరుగు. బీరమ్మ అంతా వింది. నవ్వాల్సిన చోట నవ్వింది కూడా.

"ఇగ గా అన్నం పెట్టినామె తిన్నదా?" అని అడిగింది.

"ఎవలు?"

"దినమంత నిలవడి నీకు పెట్టినామె."

బీరయ్య పప్పులో వేలు తిప్పాడు. "తింటుండె" అన్నాడు.

"తింటుంటె, నువ్వు లేసినవా?"

బయట అరుగు మీద జనం చేరారు. కొత్త అధ్యక్షుణ్ణి చూడటానికి ధారూర్ నుంచి కూడా ఎవరో వచ్చారు. "పెద్దయ్యా!" అని పిలుస్తున్నారు. బీరమ్మ మళ్ళీ అడగలేదు. కోపం కూడా చూపించలేదు. పొయ్యి దగ్గర తన రొట్టె తల్లెలో వేసుకుని, ఎప్పుడూ కూర్చునే చోటే, గోడ వైపు కాస్త తిరిగి కూర్చుంది. ముప్పై ఏళ్ళుగా ఆమె అక్కడే కూర్చుని తింటోంది. ఆ ముప్పై ఏళ్ళలో ఆమె ఆఖరి ముద్ద ఎలా ఉంటుందో తాను ఒక్కసారీ చూడలేదని బీరయ్యకు అప్పుడు తట్టింది. సిగ్గేసింది. రజాకార్ల ముందు, అంజిలయ్య ముందు పడని సిగ్గు.

లేవడానికి మోకాలి మీద వేసిన చెయ్యి తీసేశాడు. మఠం సర్దుకుని కూర్చున్నాడు. ఎడమ కాలు అప్పుడే చురుక్కుమంటోంది.

"పెద్దయ్యా, బయటికి రారాదే!" అని మళ్ళీ కేక వినపడింది.

"జర ఆగుండ్రి" అని అరిచాడు బీరయ్య లోపలినుంచి. "బంతి ఇంక ఒడవలే."

బీరమ్మ ఇటు తిరగలేదు. చెయ్యి చాపి ఇంకో రొట్టె వేసుకుంది.